పెట్టె అరిస్తే సరిపోదు, వినాల!

మా వాల్మీకిపురంలో రాత్రిపూట మిద్దె మీద పండుకుంటే విమానాల లైట్లు అగుపడ్తాయి. మా దిక్కు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు. వంటపనికో, డ్రైవర్ పనికో పోయినోళ్లు. మా చిన్నమ్మా అంతే. ఆమె దిగినానని ఫోన్ చేసేదాకా మా అవ్వ నిద్రపోదు. "అన్ని విమానాలు తిరగతా ఉండాయి గదరా, ఒగదానికొగటి తగులుకోవా?" అని అడిగింది ఒకసారి. ఆమెకు జవాబు చెప్పాలంటే 349 మంది చావు గురించి చెప్పాల.

1996 నవంబర్ 12, సాయంత్రం. ఢిల్లీలో లేచిన సౌదీ బోయింగ్‌ను 14 వేల అడుగుల దగ్గర ఉండమని కంట్రోలర్ చెప్పినాడు. ఎదురుగా దిగతా వస్తాన్న కజకిస్తాన్ విమానాన్ని 15 వేల దగ్గర ఆగమన్నాడు. అది ఆగలేదు, ఇంకా కిందికొచ్చేసింది. హర్యానాలో చర్ఖీ దాద్రీ పొలాల మీద రెండూ గుద్దుకున్నాయి. ఒక్కరూ బతకలేదు. సౌదీ విమానంలో బతుకుతెరువుకు గల్ఫ్ పోయేటోళ్లు చానా మంది. ఢిల్లీలో అప్పుడు ఎక్కేటివాటికీ, దిగేటివాటికీ ఒకటే దారి. ఏ విమానం ఎంత ఎత్తులో ఉండాదో చూపే రాడార్ కంట్రోలర్ ముందర లేదు. ఆ ఘోరం తర్వాతే మన దేశంలో టీకాస్ అనే పెట్టెను తప్పనిసరి చేసినారు.

టీకాస్ పని చెప్తే సులభమే. మన విమానంలోని పెట్టె చుట్టుపక్కల విమానాలను 'ఎంత ఎత్తులో ఉండావ్?' అని రేడియోలో అడగతానే ఉంటాది. దగ్గరైతే ముందు 'ట్రాఫిక్, ట్రాఫిక్' అంటాది. ఇంగా దగ్గరైతే, గుద్దుకునేదానికి అర నిమిషం గూడా లేనప్పుడు, రెండు పెట్టెలూ మాట్లాడుకొని ఒక పైలెట్‌ను పైకి పొమ్మంటాయి, ఇంకొకర్ని కిందికి పొమ్మంటాయి.

ఇది పుస్తకంలో మాట కాదు. 2018 జులై 10న బెంగళూరు దగ్గర రెండు ఇండిగో విమానాలు ఎదురుబొదురైనాయి. ఒకటి కోయంబత్తూరు నుంచి హైదరాబాద్ పోయేది, ఇంకొకటి బెంగళూరు నుంచి కొచ్చి పోయేది. ఎత్తులో తేడా 200 అడుగులే. రెండిట్లో కలిపి 328 మంది. టీకాస్ అరిచింది, పైలెట్లు విన్నారు, అందరూ ఇండ్లకు చేరినారు.

వినకపోతే ఏమైతాది? 2002 జులై 1న జర్మనీలో, ఊబర్లింగెన్ ఊరి మీద తెలిసొచ్చింది. పెట్టె పైకి పొమ్మనింది, కంట్రోలర్ కిందికి దిగమన్నాడు. రష్యా పైలెట్లు కంట్రోలర్ మాట విన్నారు. ఎదుటి విమానం పెట్టె మాట విని అదీ కిందికే దిగింది. 71 మంది పోయినారు. అప్పుటినుంచి టీకాస్ చెప్పిందే చెయ్యాల, కంట్రోలర్ ఏమన్నా సరే.

కొండలకు వేరే పెట్టె ఉండాది. కెనడా ఇంజినీర్ డాన్ బేట్‌మన్ కనిపెట్టినాడు. పాతది నేరుగా కింద నేల ఎంత దూరమో మాత్రమే చూసేది. మన హార్సిలీ కొండ మాదిరి ఎదురుగా లేచే గుట్ట దానికి ముందుగా తెలిసేది కాదు. 1990ల్లో వచ్చిన కొత్త రకంలో ప్రపంచం కొండల మ్యాపంతా ఉంటాది. జీపీఎస్‌తో తానెక్కడుండేదీ చూసుకొని 'పుల్ అప్' అని ముందే అరుస్తాది.

2010 మే 22న మంగళూరులో ఆ అరుపు వినిపించింది. దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ఎక్కువ ఎత్తులో, ఎక్కువ వేగంతో దిగతా ఉంటే పెట్టె మళ్లీమళ్లీ హెచ్చరించింది. దిగొద్దు, తిరిగి లేపమని కోపైలెట్ గూడా చెప్పినాడు. దారిలో చానాసేపు నిద్రపోయి లేచిన కెప్టెన్ వినలేదు. 158 మంది పోయినారు, 8 మందే మిగిలినారు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. 2023 నుంచి ఇరాక్, ఇరాన్ దిక్కు ఆకాశంలో దొంగ జీపీఎస్ సిగ్నళ్లు ఎక్కువైనాయి. యుద్ధాల కోసం ఎవరో పంపేటివి, కానీ పైన పోయే మామూలు జనాల విమానాలూ మోసపోతా ఉండాయి. టీకాస్‌కు జీపీఎస్ అవసరం లేదు. కొండల పెట్టెకు కావాల. అది మోసపోతే 35 వేల అడుగుల ఎత్తులో గూడా 'పుల్ అప్' అని ఊరికే అరుస్తాది. నాన్న పులి కథ మనకందరికీ తెలుసు. పదిసార్లు ఉత్తుత్తిగా అరిస్తే, పదకొండోసారి నిజంగా కొండ వచ్చినా పైలెట్ చెయ్యి కదుల్తాదా? నా భయం అదే. డీజీసీఏ 2023 నవంబర్‌లోనే విమాన కంపెనీలకు జాగ్రత్తలు చెప్పింది. మంచిదే. కానీ దొంగ హెచ్చరికలు ఎన్నొచ్చినాయి, ఏ దారిలో వచ్చినాయి, ఏం చేసినారు అనేది టికెట్టు కొనేవాడికీ తెలిసేట్లు బయట పెట్టాల.

దాచితే ఏమైతాదో గూడా చూసినాం. 2022 జనవరి 7న బెంగళూరులో పక్కపక్క రన్‌వేల నుంచి ఒకేసారి లేచిన రెండు విమానాలు దగ్గరదగ్గరగా వచ్చేసినాయి. రాడార్ ముందర కూర్చున్న కంట్రోలర్ చూసి పక్కకు తిప్పినాడు గాబట్టి సరిపోయింది. అంత జరిగినా లాగ్‌బుక్కులో ఎక్కలేదని తర్వాత పేపర్లలో చదివినాం. తప్పు రాసినోడికి శిక్ష పడ్తాదని భయముంటే ఎవురూ రాయరు. రాయకపోతే రేపు అదే తప్పు మళ్లీ జరగతాది.

తమ్ముళ్లారా, విమానం అంటే డబ్బున్నోళ్ల సంగతి అనుకోవద్దండి. గల్ఫ్ విమానం మన పల్లె బస్సు మాదిరే. మా అవ్వకు నేను చెప్పిన జవాబు ఇదే: "తగులుకోకుండా పెట్టె ఉండాదవ్వా, మంచిదే. దాని మాట వినే మనిషి, ఆ మాటను నమ్మేట్లు ఉంచే సర్కారు గూడా ఉండాల." ఆమె కాసేపు ఊరుకొని, "చిన్నమ్మ ఫోన్ చేసినాదా?" అని అడిగింది.