పాడి గేదెల్లో సామూహిక ఎద నియంత్రణ: ముందస్తు పరీక్షతోనే ఫలితం

ఆంధ్రప్రదేశ్‌లో చిన్న, సన్నకారు రైతులకు, వ్యవసాయ కూలీలకు పాడి గేదె నిత్య ఆదాయ వనరుగా ఉన్నది. 2019 పశుగణన ప్రకారం రాష్ట్రంలో సుమారు 62 లక్షల గేదెలు, 46 లక్షల ఆవులు, ఎద్దులు ఉన్నాయి. గేదె సకాలంలో చూడి కట్టకపోతే పాలు ఆగిపోయి, మేత ఖర్చు మాత్రం మిగులుతుంది.

ఈ జాప్యానికి ముఖ్య కారణం ఎదను గుర్తించలేకపోవడం. గేదె సుమారు 21 రోజులకొకసారి ఎదకు వస్తుంది. ఆ లక్షణాలు ఒక రోజుకు మించి నిలవడం అరుదు. వేసవిలో లక్షణాలు పైకి కనిపించని మూగ ఎద అధికం. ఏప్రిల్‌లో చూడి కట్టిన గేదె సుమారు 310 రోజులకు, అనగా ఫిబ్రవరిలో ఈని, వేసవి అంతా పాలిస్తుంది. ఏప్రిల్ ఎద తప్పిపోవడం వలన మరుసటి వేసవిలో పాల కొరత ఏర్పడుతున్నది.

ఈ సమస్యకు పరిష్కారంగా ‘ఓవ్‌సింక్’ విధానం అందుబాటులో ఉన్నది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1995లో పాడి ఆవులకై దీనిని ప్రకటించగా, అనంతరం గేదెలకూ అన్వయించారు. తొలిరోజు జి.ఎన్.ఆర్.హెచ్., ఏడు రోజుల తర్వాత ప్రోస్టాగ్లాండిన్, మరి రెండు రోజులకు తిరిగి జి.ఎన్.ఆర్.హెచ్. ఇంజెక్షన్ ఇస్తారు. ఆ పిదప 16 నుంచి 20 గంటలకు కృత్రిమ గర్భధారణ చేస్తారు. ఎద లక్షణాల కోసం నిరీక్షించనవసరం లేదు. ఒక గ్రామంలోని పశువులన్నింటికీ ఒకే రోజు నిర్ణయించవచ్చు కనుక సిబ్బంది, వీర్య నాళికలు, ద్రవ నత్రజని ముందుగానే సిద్ధం చేసుకొనే వీలున్నది.

అయితే ఇందులో జాగ్రత్తలు అనివార్యం. చూడి పశువుకు పొరపాటున ప్రోస్టాగ్లాండిన్ ఇస్తే గర్భస్రావం కాగలదు. కావున పశువైద్యుడు ముందుగా ప్రతి పశువునూ పరీక్షించవలసి ఉన్నది. బక్కచిక్కిన గేదెలు ఈ చికిత్సకు సరిగా స్పందించవు. వాటికి తొలుత నట్టల నివారణ, పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం అవసరం. ఎండ తీవ్రత వలన వేసవిలో ఫలితాలు తగ్గుతాయి. నీడ, నీటి తడుపు సమకూర్చాలి. చికిత్స పొందిన గేదెలన్నీ చూడి కట్టవు. కట్టనివి సుమారు మూడు వారాలకు తిరిగి ఎదకు వచ్చే అవకాశం ఉన్నందున 18 నుంచి 24వ రోజు వరకు రైతులు గమనించాలి. రెండు మూడు నెలలకు చూడి పరీక్ష చేయించాలి.

ఎన్ని ఇంజెక్షన్లు ఇచ్చారన్నది ఇటువంటి కార్యక్రమాల ప్రగతికి కొలమానం కాజాలదు. నిర్ధారణ అయిన చూడులు, పుట్టిన దూడల లెక్క గ్రామాలవారీగా నమోదైనప్పుడే రైతుకు కలిగిన మేలు స్పష్టమవుతుంది.