తొక్కలో ఉంది సంగతి!

పోయిన వారం అమ్మ తెనాలి నుంచి మా ఫ్లాట్‌కి వచ్చింది. వచ్చిన గంటకే వంటగది సర్దడం మొదలెట్టింది. నూనె డబ్బాల వెనక గోధుమరంగు చదరపు సీసా ఒకటి దొరికింది. దగ్గు మందనుకుని మూత తీసి వాసన చూసింది. ‘అబ్బ, అచ్చం నారింజ తొక్కల వాసనరా! ఏంటిది, షర్బత్తా?’ అంది.

అది నా రూమ్మేట్ తెచ్చిన క్వాంత్రో. మా ఇంట్లో మందు అన్న మాటే ఎత్తం. పెదనాన్న పోయింది దానివల్లే. షర్బతే అని సర్దేద్దామనుకున్నా గానీ నోరు రాలేదు. ‘మందేనమ్మా. నలభై శాతం ఆల్కహాల్. విస్కీకేం తీసిపోదు’ అన్నాను. అమ్మ సీసా కింద పెట్టేసింది. కాసేపాగి, ‘మరి ఇంత మంచి వాసన ఎలా వస్తుంది? రసం పోస్తారా?’ అని అడిగింది.

రసం చుక్క కూడా పొయ్యరు. ఉన్నదంతా తొక్కే. ఫ్రాన్స్‌లో ఆంజే అనే ఊళ్లో క్వాంత్రో అన్నదమ్ములు 1849లో మొదలెట్టిన కంపెనీ ఇది. మొదట్లో వాళ్లకి పేరు తెచ్చింది చెర్రీ పళ్లతో చేసే మద్యం. వాళ్లలో ఒకరి కొడుకు ఎడ్వార్ 1875లో ఈ నారింజ మద్యం తయారుచేశాడు. అప్పట్లో దొరికే నారింజ మద్యాలకి తీపీ, రంగూ ఎక్కువ. ఇతను తీపి తగ్గించి, వాసన పెంచి, నీళ్లలా తేటగా తీశాడు. అవునండీ, రంగంతా సీసాదే, లోపలున్నది తెల్లటి నీళ్లే!

తీపి నారింజ, చేదు నారింజ, రెండింటి తొక్కలూ వాడతారు. కొన్ని పచ్చివి, కొన్ని ఎండబెట్టినవి. వాటిని ఆల్కహాల్‌లో నానబెట్టి, రాగి బట్టీల్లో కాస్తారు. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కదా, ఆవిరై పోతూ తొక్కలోని నూనెల వాసనని వెంట తీసుకెళ్తుంది. రంగు మాత్రం బట్టీలోనే ఉండిపోతుంది. ఆ ఆవిరిని చల్లారిస్తే వచ్చేదాంట్లో మొదటి భాగం, చివరి భాగం పక్కన పెట్టి నడిమి భాగమే ఉంచుకుంటారు. తర్వాత ఆల్కహాల్, పంచదార, నీళ్లు కలుపుతారు. అంతే. (నాది కంప్యూటర్స్ బ్రాంచి. కెమికల్ వాళ్లు నా వివరణని పెద్దమనసుతో క్షమించాలి.)

అమ్మ నమ్మలేదు. ‘నీళ్లలా ఉన్నదాంట్లో నూనె ఎక్కడుందిరా?’ అంది. చిన్న గ్లాసులో కొంచెం పోసి నాలుగు ఐసు ముక్కలు వేశాను. రెండు నిమిషాల్లో పల్చటి పాలలా మబ్బుపట్టింది. ఆల్కహాల్ బలంగా ఉన్నంతసేపు నూనె దాంట్లో కరిగి కనపడదు. చల్లబడి నీళ్లు కలిసేసరికి సన్నటి బిందువులై బయటపడుతుంది. ‘డెట్టాల్ నీళ్లలో వేస్తే తెల్లగా అవుతుందే, అలాగా?’ అంది అమ్మ. సరిగ్గా అలాగే! మా ప్రొఫెసర్ గంటసేపు చెప్పినా నాకు ఎక్కని సంగతి.

ఇంకో ముచ్చట. ఫ్రెంచివాళ్ల ‘ఓరాంజ్’ కూడా మన నారింజ చుట్టమే. ఆ పేరు ఇక్కడి నుంచే పర్షియా, అరబ్బు దేశాల మీదుగా పడమటికి వెళ్లింది. దారిలో ఎక్కడో మొదటి ‘న’ రాలిపోయింది.

ఇదంతా ఉత్సాహంగా చెప్తుంటే అమ్మ మధ్యలో ఆపి, ‘నువ్వు తాగుతావా?’ అని అడిగింది.

‘రెండుసార్లు తాగానమ్మా. తియ్యగా ఉంటుంది, ఎంత తాగామో తెలీదు. అందుకే మానేశా.’

ఏమీ అనలేదు. గ్లాసు సింకులో ఒంపేసి కడిగింది. సీసా రూమ్మేట్ గదిలో పెట్టొచ్చాను.

పొద్దున లేచి చూస్తే, బాల్కనీలో పాత పేపరు మీద కమలా తొక్కలు ఆరబోసి ఉన్నాయి. సున్నిపిండిలోకట.