గడప బయట నిలబెట్టిన ఆమె పుస్తకాలు

చదువుకోవాలని కాలేజీ లైబ్రరీ దాకా వచ్చిన ఒక మహిళను గుమ్మంలోనే ఆపేస్తారు. వెంట కాలేజీ ఫెలో ఉండాలి, లేదా చేతిలో పరిచయ లేఖ ఉండాలి. రెండూ లేవు కాబట్టి వెనక్కి పొమ్మంటారు. వర్జీనియా వుల్ఫ్ 1929లో ప్రచురించిన ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’లో ఉన్న ఘట్టమిది. కథలాగ చెప్పినా ఆనాటి పెద్ద యూనివర్సిటీల తీరు అదే. కేంబ్రిడ్జి మహిళలకు డిగ్రీలు ఇవ్వడానికి 1948 దాకా మనసు రాలేదు. అప్పటికి వుల్ఫ్ చనిపోయి ఏడేండ్లయింది.

ఆ రాతలు రాసిన నవలాకారిణి సొంత పుస్తకాలు ఇప్పుడు ఒక యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లోనే భద్రంగా ఉన్నాయి. కేంబ్రిడ్జిలో కాదు, లండన్‌లోనూ కాదు. అమెరికా వాయవ్య మూలన, గోధుమ చేన్ల నడుమ పుల్‌మన్ అనే చిన్న పట్నంలో. 1890లో వ్యవసాయ కాలేజీగా పుట్టిన వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో. నాలుగు వేలకు పైగా పుస్తకాలు. ‘లియోనార్డ్, వర్జీనియా వుల్ఫ్‌ల లైబ్రరీ’ అని వాటికి పేరు.

ఇవి అలంకారానికి కొన్న పుస్తకాలు కావు. అన్నదమ్ములు కేంబ్రిడ్జికి పోతే వర్జీనియాకు దక్కింది లండన్ కింగ్స్ కాలేజీ మహిళా విభాగంలో కొన్ని తరగతులు, ఇంట్లో తండ్రి లెస్లీ స్టీఫెన్ పుస్తకాల బీరువాలు. ఆమె అసలు యూనివర్సిటీ ఆ బీరువాలే. ఆ తండ్రి పుస్తకాలు కొన్ని పుల్‌మన్‌లో ఉన్నాయి. చినిగిన పుస్తకాలకు ఆమె తన చేతులతో అట్టలు కట్టుకున్నది. భర్త లియోనార్డ్ 1904 నుంచి 1911 దాకా సిలోన్‌లో ఇంగ్లీషు సర్కారు నౌకరీ చేసినవాడు. తర్వాత ఆ సామ్రాజ్యాన్నే ప్రశ్నిస్తూ పుస్తకాలు రాసినవాడు. 1917లో ఇద్దరూ కలిసి ఇంట్లోనే హోగార్త్ ప్రెస్ పెట్టి సొంతంగా పుస్తకాలు అచ్చువేశారు. చదవడం, రాయడం, అచ్చువేయడం ఒకే ఇంట్లో నడిచిన బతుకు అది.

1940లో జర్మనీ బాంబులకు లండన్‌లోని వారి ఇల్లు దెబ్బతిన్నది. మిగిలిన పుస్తకాలను ససెక్స్‌లోని రాడ్‌మెల్ ఊరికి, మాంక్స్ హౌస్‌కు తరలించారు. 1941లో వర్జీనియా, 1969లో లియోనార్డ్ పోయారు. 1971 నుంచి ఆ పుస్తకాలు సముద్రం దాటి పుల్‌మన్ చేరాయి.

ఒక రచయిత పుస్తకాలు విడివిడిగా అమ్ముడుపోతే ఏం పోతుంది? అదే పుస్తకం ఇంకో ప్రతి ఎక్కడైనా దొరుకుతుంది కదా అనేవారుంటారు. ప్రతి దొరుకుతుంది, పొత్తు దొరకదు. ఏ పుస్తకం పక్కన ఏది ఉన్నది, ఏది తండ్రి ఇచ్చింది, ఏది స్నేహితుడు సంతకం చేసి ఇచ్చింది, దేన్ని ఎన్నిసార్లు తిరగేశారు అన్నదే అసలు చరిత్ర. నవల ఆకాశం నుంచి ఊడిపడదు. అది ఎక్కడ మొలకెత్తిందో చెప్పే సాక్ష్యం ఆ అలమార. బీరువా ఖాళీ చేసిననాడు ఆ సాక్షి నోరు మూసుకుంటుంది.

వుల్ఫ్ విషయంలోనూ ఆ సాక్ష్యం ముక్కలైంది. ఆమె చదివేటప్పుడు ఎక్కువగా విడి నోట్‌బుక్కుల్లో రాసుకునేది. అట్లాంటివి 67 ఉన్నాయని పరిశోధకురాలు బ్రెండా సిల్వర్ లెక్కతేల్చి 1983లో గ్రంథం తెచ్చింది. చదివిన పుస్తకం పుల్‌మన్‌లో ఉంటే, ఆ పుస్తకం మీది నోట్సు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలోనో, ఇంగ్లాండులోని ససెక్స్ యూనివర్సిటీలోనో ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలనుకున్న విద్యార్థి సముద్రం దాటాలి. బీద విద్యార్థికి అది కూడా ఒక గడపే.

అయితే పుల్‌మన్‌ను తప్పుపట్టగలమా? ఇంగ్లాండు రచయిత్రి పుస్తకాలు ఇంగ్లాండులోనే ఉండాలనడం న్యాయమే. కానీ ‘మాది’ అన్న మాట ఒక్కటే సరిపోదు. కొనాలి, జాగా ఇవ్వాలి, చెద పట్టకుండా చూడాలి, జాబితా రాయాలి, అడిగినవారికి తీసి చూపాలి. పుల్‌మన్ ఆ పని చేసింది. 2003లో ఆ పుస్తకాల సమగ్ర జాబితాను అచ్చువేసింది. పేరుగొప్ప యూనివర్సిటీలు చేయని పనిని మారుమూల యూనివర్సిటీ తలకెత్తుకున్నది. వారసత్వం రక్తంతో రాదు, బాధ్యతతో వస్తుంది.

ఈ మాట మనకెందుకంటే, మన గడ్డ మీద కూడా పుస్తకమే ఒక పోరాటం. ‘ప్రజల మనిషి’ నవల రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి జనానికి అందించినవాడు. అట్లాంటి వారసులం మనం. 2014లో రాష్ట్రం సాధించుకున్నాం. యూనివర్సిటీలు మన చేతుల్లోనే ఉన్నాయి. మన రచయితలు చదివిన పుస్తకాలు చూపించమని రేపు ఒక పిల్ల అడిగితే ఏ తలుపు తీసి చూపిస్తాం?

విద్యార్థులు తమ ఊరి రచయిత ఇంటికి పోయి పుస్తకాల జాబితా రాయడం మొదలుపెట్టవచ్చు. అధ్యాపకులు, ఉద్యోగులు ప్రతి యూనివర్సిటీలో ఒక గది కోసం పట్టుబట్టవచ్చు. కుటుంబాలు ఆ బీరువాను తూకానికి అమ్మేముందు ఒక్కరోజు ఆగవచ్చు. ఆ గది వచ్చిననాడు ఒక్క షరతు మాత్రం మరువొద్దు. దాని గుమ్మంలో ఎవరినీ పరిచయ లేఖ అడగొద్దు.