పిన్నుల తగవు

2012 సంవత్సరమున ఇంగ్లండులో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై యను చిన్న కంప్యూటరునకు ధ్వనిపలకను, రిమోటు కిరణములను గ్రహించు కన్నును ఒక్కసారి అమర్చినచో, పాటయో రిమోటో మూగవోవుట కలదు. అంతట మన విద్యార్థులు “కన్ను చెడినది” యని దానిని పారవైతురు. ఇది తల్లిదండ్రుల కష్టార్జితమును పారవైచుటయే.

చెడినది కన్ను కాదు. పిన్నులపై అమర్చు ఐ.టు.ఎస్. ధ్వనిపలక తన తాళగతిని జి.పి.ఐ.ఓ. 18 నుండి గైకొనును. వేరుగ తెలుపనియెడల కన్నునకును అదియే స్థానము. సిరిసిల్ల మగ్గమున ఒకే దారిని రెండు నాడెలు ఎదురుపడిన వస్త్రము సాగునా?

ధ్వనికి ఆ స్థానము చిప్పునందే నిర్ణీతము. కన్ను ఏ ఖాళీ జి.పి.ఐ.ఓ. నందైనను పనిచేయును. కావున కన్నే జరుగవలెను. విద్యుత్తు నాపి, దాని తీగను 17నకు మార్చి, కాన్ఫిగ్ ఫైలునందలి జి.పి.ఐ.ఓ.-ఐ.ఆర్. పంక్తిలో పిన్ను 17 అని వ్రాసి, యంత్రమును మరల ప్రారంభింపవలెను. ఈ సంఖ్యలు వరుస సంఖ్యలు కావు: 18 అనునది వరుసలో 12వ పిన్ను, 17 అనునది 11వది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల విద్యార్థులారా! క్రొత్త భాగమును కొనుటకు ముందు, ఏ పిన్ను దేనిదో నోటుపుస్తకమున వ్రాసి చూచుకొనుడు. తగవు తీరుటకు తరచుగా ఆ పుటయే చాలును.