అంబాసిడర్ ఇస్రాఫ్ అయితే, కిస్తీల కారు ఇజ్జతా?



పోయిన జుమా నమాజ్ అయ్యాక మసీదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే, మా మొహల్లా పెద్దాయన ఒకరు నా భుజం మీద చెయ్యేసి పదిమంది వినేలా నసీహత్ చేశారు. "బేటా, హలాల్ పైసా తీసుకెళ్లి పాత ఇనుము మీద పోస్తున్నావు. చాలనట్టు దాని వెనక ఇంకో డబ్బా కట్టుకుని తిరుగుతున్నావు. ఇది ఇస్రాఫ్. రేపు హషర్ మైదానంలో హిసాబ్ ఇవ్వాలి." పక్కనున్న కుర్రాడొకడు అందుకున్నాడు: "ఏటి భాయ్, ఆ బండి కాటాకేసినా కొనీవోడు లేడు." అందరూ నవ్వారు. పెద్దాయన మీద అదబ్‌తో నేను సలాం చెప్పి ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, ఆయన రెండో అమ్మాయి నిఖాకి అల్లుడికి కొత్త ఎస్‌యూవీ ఇచ్చారు. షాదీఖానా గేటు ముందు దానికి పూలదండ వేసి, ఫొటో తీయించి, అందరి ఫోన్లకూ పంపారు. అది ఫైనాన్స్ బండి. కిస్తీలు ఇప్పటికీ ఆయనే కడుతున్నారు. అందుకని హిసాబ్ ఏదో ఇక్కడే మొదలుపెడదాం. నాది ముందు చెబుతాను, తర్వాత మీది అడుగుతాను.

నా బండి 1972 అంబాసిడర్ మార్క్ టూ. నర్సన్నపేట వైపు ఒక మిల్లు షెడ్డులో, వడ్ల బస్తాల పక్కన పదకొండేళ్లు నిద్రపోయింది. లక్షా డెబ్బై వేలు నగదు ఇచ్చి తెచ్చుకున్నాను. రేడియేటర్, బ్రేకు సిలిండర్లు, వైరింగ్, నాలుగు టైర్లు, సీట్లు, వెనక సీటుకి కూడా బెల్టులు, అన్నీ కలిపి ఇంకో తొంభై వేలయింది. ఒక్క రూపాయి ఖర్జ్ లేదు. పాత బండి కొన్నందుకు నేను పెద్ద జాహిద్‌ని అని కాదు. షౌక్ ఉంది, ఒప్పుకుంటున్నాను. చిన్నప్పుడు చికాకోల్ బస్టాండు దగ్గర టాక్సీలన్నీ ఇవే. బారాత్‌కి వెళ్లాలంటే పిల్లలం ముందు సీట్లో నలుగురం, వెనక ఆడవాళ్లు అయిదుగురు, డిక్కీలో దేగ్‌చీ. ఆ సీటు వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. షౌక్ హరామ్ కాదు భాయ్, హద్దు దాటితే హరామ్.

మరో మాట కూడా వస్తోంది, "ఇది గోరావాళ్ల బండి, గోరావాళ్ల సరదా" అని. బండి పుట్టుక గోరావాళ్లదే, నిజం. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అనే కారు అచ్చుల్ని హిందుస్తాన్ మోటార్స్ తెచ్చుకుని, కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో అంబాసిడర్ మొదలుపెట్టింది. అక్కడ ఇంగ్లండులో ఆ మోడల్ కొద్ది కాలంలోనే ఆగిపోయింది. ఇక్కడ 2014 మే దాకా నడిచింది. 1489 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కనే గేరు, ముందు బంపర్ దగ్గర హ్యాండిల్ పెట్టి తిప్పే బెజ్జం. ఆ గోరా బండిని యాభై ఏళ్లు బతికించింది ఎవరు? మన మిస్త్రీలు. ఈ జిల్లాల్లో ఎన్ని మన ఇళ్లలో రెండు తరాల రోటీ ఈ బండి బోనెట్ కిందే పుట్టిందో మీకూ తెలుసు. కాంటాక్ట్ పాయింట్ల సందుని సిగరెట్టు పెట్టె అట్టతో కొలిచి సరిచేసిన ఉస్తాద్‌లు వాళ్లు. ఇవాళ వాళ్ల కొడుకులు షోరూముల్లో బండ్లు కడుగుతున్నారు. కొత్త బండి చెడితే కంప్యూటర్ పెట్టి చూస్తారు, డబ్బాకి డబ్బా మారుస్తారు. హునర్‌కి జాగా లేదు. నా బండికి పని చేసిన ఉస్తాద్‌కి అరవై ఎనిమిదేళ్లు. కార్బొరేటర్ విప్పి జెట్ నోట్లో పెట్టుకుని ఊది, వెలుగులోకి ఎత్తి చూసినప్పుడు ఆయన మొహంలో వచ్చిన కళ నేను పైసాతో కొనగలిగింది కాదు.

ఇక వెనక కట్టిన డబ్బా సంగతి. దాన్ని కారవాన్ అంటారు, నవ్వకండి. ఆ మాట ఎవరిది? ఫార్సీ 'కార్వాన్'. ఇంగ్లీషువాడు తీసుకెళ్లి కారవాన్ చేశాడు, అందులోంచి ముక్క కోసి 'వ్యాన్' అన్నాడు. హైదరాబాద్‌లో కార్వాన్ అని మొహల్లానే ఉంది, గోల్కొండ వైపు వచ్చే వ్యాపారుల బిడారులు దిగిన చోటు. షేర్ షా సూరీ రోడ్ల పొడవునా సరాయిలు కట్టించి, ముసాఫిర్లకి నీళ్లూ నీడా ఏర్పాటు చేశాడు. బిడారూ మనదే, సరాయీ మనదే. గోరావాడు 1885లో మొదటిసారి సరదా కోసం గుర్రాలతో లాగే ఇంటిబండి చేయించుకున్నాడు. గోర్డన్ స్టేబుల్స్ అనే డాక్టరు గారు, దానికి 'వాండరర్' అని పేరు పెట్టుకున్నారు. 1907 కల్లా వాళ్లకి కారవాన్ క్లబ్బే వచ్చేసింది. మనం మాత్రం మన మాట వింటే మనమే నవ్వుతున్నాం.

నాకు ఈ డబ్బా ఎందుకు కావలసి వచ్చిందో చెబుతాను. అసలు గొడవ ఇక్కడే ఉంది.

మా అమ్మీకి షుగరు, మోకాళ్ల నొప్పి. రెండేళ్ల కిందట ఖాందాన్ అంతా విజయవాడ వైపు ఒక వలీమాకి వెళ్లాం, అద్దె బండిలో. అయిదో నెంబరు హైవే, ఇప్పుడు పదహారో నెంబరు అంటున్నారు, అద్దంలా ఉంది. మగవాళ్లం ఎక్కడ పడితే అక్కడ దిగాం. ధాబా పక్కన కుళాయి దగ్గర వజూ చేసుకున్నాం, చెట్టు కింద తువ్వాలు పరిచి ఖస్ర్ చదువుకున్నాం. అమ్మీ, నా బీబీ, చెల్లెలు బండిలోనే కూర్చున్నారు. పొద్దున్నించి అమ్మీ నీళ్లు తాగలేదు. ఎందుకు అమ్మీ అంటే, "దిగడానికి చోటు లేదు బేటా, తాగితే మళ్లీ అవస్థ" అంది. జొహర్ కజా అయింది. అసర్ కూడా కజా అయింది. డెబ్బై ఏళ్ల మనిషి, ఇంట్లో ఒక్క పూట తప్పని మనిషి, కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. మర్నాటికి జ్వరం. ఆ తర్వాత ఏ ఊరు ప్రయాణం అన్నా "మీరెళ్లి రండి" అనడం మొదలుపెట్టింది.

మన ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు ఇలా "మీరెళ్లి రండి" అంటున్నారు? మనం దాన్ని సబ్ర్ అని మెచ్చుకుంటున్నాం. సబ్ర్ కాదది. మనం ఏర్పాటు చేయకపోతే వాళ్లు మానుకున్నారు, అంతే. పర్దా ఉండాలి, మహ్రమ్ తోడుండాలి అని బయాన్‌లలో చెప్పడం వచ్చు. ఆ పర్దాతో, ఆ మహ్రమ్‌తో బయల్దేరిన మనిషికి వజూ చేసుకునే చోటు చూపించడం మాత్రం ఎవరి జిమ్మేదారీ కాదు.

అందుకని సాలూరు వెళ్లాను. లారీ బాడీలు కట్టడంలో సాలూరు చేతికి పేరుంది, అది ఇక్కడి వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ రెండు చక్రాల ట్రైలర్ చేయించాను, లక్షా నలభై వేలు. లోపల మడత పెట్టే రెండు బల్లలు, తెర కట్టిన మూలన టాయిలెట్, వజూకి కుళాయి, నీళ్ల డ్రమ్ము, గ్యాస్ పొయ్యి, జానమాజ్‌లకి ఒక అర. తలుపు గడియ లోపల నుంచి. మొత్తం నాలుగొందల కిలోల లోపే ఉండేలా చూసుకున్నాం, బండి బరువు పదకొండు వందల పైచిలుకు. ఇంగ్లండులో కారు బరువులో 85 శాతం దాకా కొత్తవాళ్లు లాగొచ్చని చెబుతారట. మన ఘాట్‌లకీ మన డ్రమ్ము బ్రేకులకీ అంత ధైర్యం వద్దు. డ్రమ్ము ఇరుసుకి ముందు వైపు పెట్టించాను. బరువు తోక వైపు పడితే ట్రైలర్ పాములా ఊగుతుంది, వెనక నుంచి కారునే తిప్పేస్తుంది. ట్రైలర్‌కి కూడా వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. నడుస్తున్నప్పుడు అందులో ఎవరూ కూర్చోరు, పిల్లలు ఎంత ఏడ్చినా సరే.

మొదటి సఫర్ సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్. సవారీ దుఆ చదివి రెండో గేరులో మొదలుపెట్టాను. మూడు చోట్ల ఆగాం. ఒకచోట పెట్రోలు పంపు వేడెక్కి ఇంజన్ నిలిచిపోయింది. ఉస్తాద్ నేర్పినట్టే తడి గుడ్డ చుట్టి పావుగంట కూర్చున్నాం. ఆ పావుగంటలో అమ్మీ కారవాన్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంది. వజూ చేసుకుని జొహర్ చదువుకుని, చాయ్ కాచి గ్లాసులతో బయటికొచ్చింది. లారీ డ్రైవర్లిద్దరు మాకేదో ఇబ్బంది అనుకుని ఆగితే వాళ్లకీ ఇచ్చింది. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాను. బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటే వెనక నాలుగొందల కిలోలు తోస్తాయి, డ్రమ్ములు కాలి పట్టు వదిలేస్తాయి. ఈ ముక్క సరదాగా చేద్దామనుకునే కుర్రాళ్ల కోసం.

ఇప్పుడు మీ హిసాబ్.

పది లక్షల ఖర్జ్, తొమ్మిది శాతం సూద్, ఏడేళ్లు అనుకోండి. నెలకి పదహారు వేల పైన కిస్తీ. ఏడేళ్లలో కట్టేది పదమూడున్నర లక్షలు. అంటే సూద్ ఒక్కటే మూడున్నర లక్షలు. నా కారు, మరమ్మతు, కారవాన్ మొత్తం కలిపి నాలుగు లక్షలు. మీరు ఉత్త వడ్డీగా ఇచ్చిన దానికి యాభై వేలు కలిపితే నా బిడారు మొత్తం వస్తుంది. సూరా బఖరా 275వ ఆయత్ మీద ఎన్ని జుమాలు బయాన్ విన్నాం! పాత బండికి ఇస్రాఫ్ ఫత్వా ఇచ్చే నాలుక, సూద్ కాగితం మీద సంతకం పెట్టిన చేతిని ఎందుకు చూడదు? అందులోనూ ఆ కారు జహేజ్. మెహర్ ఇవ్వాల్సింది అల్లుడు, ఇచ్చింది మామ. 1961 నుంచి కట్నం మీద చట్టం ఉంది, అంతకు పదమూడు వందల ఏళ్ల ముందు నుంచి షరీఅత్ ఉంది. బాకీ మామది, తాళం అల్లుడి జేబులో, మన బిడ్డ వెనక సీట్లో. ఆ కొత్త బండిలోనూ ఆ బిడ్డ నీళ్లు తాగకుండానే విజయవాడ వెళ్లి వస్తోంది.

సర్కారు వారికి కూడా ఒక మాట. 2021లో వింటేజ్ బండ్లకి ప్రత్యేక నిబంధనలు తెచ్చారు. యాభై ఏళ్లు దాటిన బండికి ఇరవై వేలు కట్టి ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు, కానీ ప్రదర్శనకో ర్యాలీకో తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. అంటే బొమ్మలా పెట్టుకుంటే ఖదర్, వాడుకుంటే జుర్మానా. నేను ఆ నంబరు తీసుకోలేదు, మామూలు రిజిస్ట్రేషనే రెన్యూ చేయించుకుంటున్నాను. పదిహేనేళ్లు దాటిన కారుకి ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరొందల నుంచి ఏకంగా అయిదు వేలు చేశారు, 2025లో ఇరవై ఏళ్లు దాటినవాటికి పదివేలు చేశారు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తయారు చేయించుకున్న పసుపు రంగు రోల్స్‌రాయిస్ ఉంది. అది వచ్చేలోపే ఆయన ఇంతెఖాల్ అయ్యారు. నాలుగొందల మైళ్లు కూడా తిరగలేదది. జనం టికెట్ కొని చూస్తారు, మాషా అల్లాహ్ అంటారు. ఇస్రాఫ్ అంటే ఏమిటో చూడాలంటే అక్కడికి వెళ్లండి. నాది ఒక్క సుంకి ప్రయాణంలోనే దాని జీవితంలో సగం తిరిగొచ్చింది.

నా బండిలో లోపాలు లేవని అనను. లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు, కారవాన్ కడితే ఆరు. పొగ కొత్త బండి కంటే ఎక్కువే, ఈ విషయంలో నన్ను తిట్టేవాళ్ల మాట నిజం. అందుకే రోజూ దుకాణానికి సైకిలు మీదే వెళతాను, బండి నెలకో రెండు నెలలకో కదులుతుంది. ఎయిర్ బ్యాగులు లేవు. గంటకి యాభై దాటను, వెనక హారన్లు కొట్టేవాళ్లని వెళ్లనిస్తాను. సామాను దొరకడం కష్టమవుతోంది, కలకత్తా నుంచి తెప్పించుకోవాలి. ఇవన్నీ తెలిసే కొన్నాను.

వచ్చే నెల ఇన్షా అల్లాహ్ బారువ సముద్రం దాకా వెళ్దామని అమ్మీయే అడిగింది. "మీరెళ్లి రండి" అనే మనిషి నోటి నుంచి రెండేళ్ల తర్వాత వచ్చిన మాట అది. వెనక సీట్లో ఇద్దరికి జాగా ఉంది. ఆ పెద్దాయనకి ఇక్కడి నుంచే దావత్. ముందు ఇంట్లో బేగం సాహెబాని అడగండి, పోయినసారి రోడ్డు మీద ఆవిడ ఏ పూట నమాజ్ కజా చేసుకున్నారో. ఆ తర్వాత నాకు ఫోన్ చేయండి. ఫజర్ అవగానే బయల్దేరతాం.