ఏ ఊరి మీద బెంగ?

పోయినేడాది వరకు ‘పరిశోధన’ అనగానే నాకు తెల్లకోటు, గాజు సీసాలు, మైక్రోస్కోపు మాత్రమే గుర్తొచ్చేవి. మా పెద్దమ్మ కూతురు ఇక్కడే పుదుచ్చేరిలో కౌన్సెలింగ్ సైకాలజీలో పి.జి. రెండో సంవత్సరం చదువుతోంది. ఆదివారాలు మా క్వార్టర్సుకి భోజనానికి వస్తుంది. చివరి ఏడాదిలో వాళ్ళు డిసర్టేషన్ అనే ఒక చిన్న పరిశోధన గ్రంథం రాయాలి. అక్క ఎంచుకున్న విషయం మన గురించే. అమ్మానాన్నల బదిలీల వల్ల స్కూళ్ళు మారే పిల్లలు, స్నేహితులు దూరమైన బాధను ఎవరితో చెప్పుకుంటారు అన్నది.

వినగానే నేను చెయ్యెత్తాను. విశాఖపట్నం, నాగపూర్, గువాహటి, ఇప్పుడు పుదుచ్చేరి. నాకిది నాలుగో స్కూలు. నాకంటే బాగా ఎవరు చెప్పగలరు? అక్క ఒప్పుకోలేదు. “నువ్వు నా తమ్ముడివిరా. నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నేను పిన్నికి చెప్పకుండా ఉండగలనా? చెప్పేస్తానేమోనని నువ్వు నిజం దాచకుండా ఉండగలవా?” అంది. ముందు కోపం వచ్చింది. తర్వాత నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చి మాట పడిపోయింది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ఇంకో ఊళ్ళో, ఎవరో పరిశోధన కోసమని మా క్లాసుకు ప్రశ్నపత్రాలు తెచ్చారు. పేరు రాయక్కర్లేదన్నారు. అయినా మా సర్ బెంచీల మధ్య తిరుగుతూనే ఉన్నారు. పైన ‘నాకు సమ్మతమే’ అన్న గడి ఉంది. చదవకుండా టిక్ పెట్టేశాను. ‘నీకు హోమ్‌సిక్‌గా ఉంటుందా?’ అన్న ప్రశ్నకు పక్కవాడు చూస్తున్నాడని ‘ఎప్పుడూ లేదు’ అని పెట్టాను. ఆ నెలంతా రాత్రిపూట దుప్పటి కప్పుకుని ఏడ్చినవాణ్ణి నేనే! మిగతా ప్రశ్నలన్నిటికీ బెల్లు కొట్టేలోపు మధ్య గడిలో టిక్కులు పెట్టాను. ఎక్కడో ఒక లైబ్రరీలో ఉన్న ఒక డిసర్టేషన్‌లో నా అబద్ధం ఒక అంకెగా కూర్చుని ఉంది.

అందుకే ఈ వ్యాసం. నా అభిప్రాయం ఒక్కటే. మన మనసు గురించి ఎవరైనా పరిశోధన చేయాలంటే ముందు మన చేత నిజంగా ‘సరే’ అనిపించుకోవాలి. ‘వద్దు’ అనడానికి కూడా మనకు చోటుండాలి. అలా వచ్చిన ‘సరే’కే విలువ.

ఇది నా సొంత తెలివి కాదు. మనుషుల మీద చేసే ఆరోగ్య పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం పిల్లలతో పరిశోధనకు తల్లిదండ్రుల అనుమతి కావాలి, దానితోపాటు పిల్లల సమ్మతి కూడా కావాలి. 7 నుంచి 12 ఏళ్ళవాళ్ళు నోటితో చెప్పవచ్చు. 12 దాటి 18 లోపువాళ్ళ దగ్గర కాగితం మీద తీసుకోవాలి. పిల్లలు వద్దంటే ఆ మాటకు విలువ ఇవ్వాలి. అక్క కూడా ముందు ఎథిక్స్ కమిటీకి తన ప్రశ్నలు, సమ్మతి పత్రాలు అన్నీ చూపించింది. వాళ్ళు ఒప్పుకున్నాకే ఒక్క పిల్లాడినైనా పలకరించింది.

రెండో సంగతి భాష. అక్క ఒక ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగులోకి మార్చింది. ‘హోమ్‌సిక్’ అన్నచోట ‘ఇంటి మీద బెంగ’ అని రాసింది. అసలు కాగితం చూడనివాళ్ళు దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చాలట. అప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. మా పక్క క్వార్టర్సులో యానాం నుంచి వచ్చిన ఆంటీ ఆ పని చేశారు. వెళ్ళిన ‘హోమ్‌సిక్’ తిరిగొచ్చేసరికి ‘వరీ’ అయిపోయింది! బెంగలో దిగులుంది, మనిషి కోసం ఎదురుచూపూ ఉంది, జ్వరం కూడా ఉంది. ‘బెంగతో జ్వరం తెచ్చుకున్నాడు’ అని మా అమ్మమ్మ నా గురించే అనేది. ఇంగ్లీషులో అడిగితే మనందరి జవాబు ఒకటే, ‘ఐయామ్ ఫైన్’. అదే బెంగగా ఉందా అని అడిగితే వెంటనే నోరు పెగలదు.

ఆ ప్రశ్నలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంటి మీద బెంగ అంటే మనకు ఏ ఇల్లు? అమ్మానాన్నలు మనతోనే ఉన్నారు కదా! బెంగ నాగపూర్‌లో ఆటస్థలం మీద కావచ్చు, గువాహటిలో బెంచీ మీద పక్కన కూర్చున్న స్నేహితుడి మీద కావచ్చు. ఈ పుదుచ్చేరి ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల్నే చూడండి. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం అని నాలుగు ప్రాంతాలు. ప్రభుత్వం ఒకటే. భాషలు మాత్రం తమిళం, మలయాళం, తెలుగు. బదిలీ అయితే ప్రభుత్వం మారకుండానే భాష మారిపోతుంది. ఒకే ఊళ్ళో పెరిగిన పిల్లల కోసం రాసిన ప్రశ్న మనకు సరిపోదు. ఇది చెప్పగానే అక్క ఆ ప్రశ్న పక్కన ‘ఏ ఊరి మీద?’ అని చేర్చింది. మార్చిన ప్రశ్నను మళ్ళీ కమిటీకి చూపించి ఒప్పించుకుంది కూడా.

‘ఇంత చాదస్తం అయితే పరిశోధనలు ఎప్పటికి పూర్తవుతాయి? అందరూ వద్దంటే ఎలా?’ అని మా నాన్నగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పి.జి. విద్యార్థికి గడువు ఉంటుంది, గైడ్ తొందరపెడతారు. పరిశోధన మానేయమని నేను అనడం లేదు. 1942లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ తన పుస్తకంలో ఒక మనిషితో జరిగిన కౌన్సెలింగ్ సంభాషణలన్నీ పొల్లుపోకుండా అచ్చు వేశారు. ఆ మనిషి అసలు పేరు మాత్రం వేయలేదు. అంతకుముందు గదిలో ఏం జరిగిందో తెలియాలంటే చాలావరకు చికిత్స చేసినవాళ్ళకు గుర్తున్నదే ఆధారం. ఇలా మాటలు దాచి పరిశీలించడం వల్లే, ఎలా వింటే మనిషికి మేలు జరుగుతుందో తెలుసుకునే దారి ఏర్పడింది. మన మాటలు కూడా ఎవరో ఒకరు వింటేనే, రేపు మన తర్వాత బదిలీ మీద వచ్చే పిల్లాడికి మేలు. కానీ భయంతో పెట్టిన వంద టిక్కుల కంటే ఇష్టంతో చెప్పిన పది మాటలు నయం.

మనం గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పరిశోధన కోసం వినేవాళ్ళు మనకు చికిత్స చేయడానికి రాలేదు. వాళ్ళ పని వినడం, రాసుకోవడం, పేరు బయటపెట్టకపోవడం. మనకు ప్రమాదం ఉందని తెలిస్తే మాత్రం పెద్దవాళ్ళకు చెప్పక తప్పదు. ఆ సంగతి ముందే కాగితంలో రాసి ఉండాలి. నిజంగా సాయం కావాలనిపిస్తే స్కూలు కౌన్సెలర్‌నో, నమ్మకమున్న టీచర్‌నో అడగాలి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

టీచర్లకు ఒక మనవి. ఇలాంటి కాగితాలు పంచేటప్పుడు దయచేసి కాసేపు గది బయట ఉండండి. మీరంటే గౌరవం లేక కాదు, మీరు చూస్తుంటే మేము మంచి పిల్లల్లా జవాబులు రాస్తాం!

అక్క అడిగిన పిల్లల్లో ఇద్దరు వద్దన్నారు. అక్క వాళ్ళకు థాంక్స్ చెప్పి కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. మూడు రోజుల తర్వాత వాళ్ళలో ఒకమ్మాయి తనే వచ్చి, “అక్కా, వద్దన్నా మీరు ఏమీ అనలేదు కదా, ఇప్పుడు చెప్తాను” అందట. నాకు ఎనిమిదో తరగతిలో అలా ఎవరైనా చెప్పి ఉంటే ఆ గడిలో నిజమే రాసేవాణ్ణి.