బేస్‌బోర్డుకి ఏ రంపం?

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్ళలో చాలామందికి కార్పెట్ పీకేసి లామినేట్ వేసుకోవాలని సరదా. నేల వరకూ బాగానే సాగుతుంది. గోడ అడుగున చెక్క బేస్‌బోర్డు, అదే మన ఊళ్ళో స్కర్టింగ్, దగ్గరికొచ్చేసరికి తెలిసినవాళ్ళంతా "పెద్ద మైటర్ సా కొనేయ్ గురూ" అంటారు.

నా మటుకు నాకు అది సగం సలహానే. ఆ మిషను 45 డిగ్రీలంటే 45కే కోస్తుంది, నిజమే. కానీ గోడ మూల 90 ఉండాలిగా! ఒకచోట 88, ఇంకోచోట 92 ఉంటుంది. స్పెక్ ప్రకారం కోడ్ రాశాం, ప్రొడక్షన్‌లో డేటానే వేరు అన్నట్టు. పైగా చలికాలం హీటర్ వెయ్యగానే చెక్క ముడుచుకుని సందు ఇంకా తెరుచుకుంటుంది.

అందుకే అనుభవమున్న వడ్రంగులు లోపలి మూలలో ఒక బోర్డుని తిన్నగా గోడదాకా కొట్టేసి, రెండోదాని చివరని మొదటిదాని నగిషీ ఆకారంలో కోసి ఆనిస్తారు. దీనికి కావాల్సింది కోపింగ్ సా: విల్లులాంటి చట్రం, సన్నటి బ్లేడు. ముందు 45లో కోస్తే ముందువైపు కనపడే అంచే మన గీత. దాని వెంటే, వెనక్కి కాస్త వాలుగా కొయ్యాలి. మూల కాస్త వంకరున్నా అతుకు అంతగా కనపడదు. బయటి మూలలకి మాత్రం మైటర్ కోతే. నగిషీ లేని సాదా బోర్డుకైతే ఈ గొడవే లేదు, సూటిగా ఆనిస్తే సరి.

ఒక్క గదికైతే మైటర్ బాక్సు, చేతి రంపం, కోపింగ్ సా చాలు. ఇల్లంతా అయితే కరెంటుది అద్దెకి తెచ్చుకోండి, బ్లేడుకి పళ్ళు ఎక్కువుండేలా చూసుకుని. చిన్న చిన్న ముక్కలు మాత్రం దాంతో కొయ్యకండి. మన తిండి ఈ పది వేళ్ళమీదే కదా!